ఒక 'ప' ఎక్కడికి పోయింది?

కిందటేడు మన పత్రిక సంచిక ఒకటి కొందరికి అందనే లేదు. అందినవాళ్ళలో చాలామందికి కవరు మీద పేరు తప్పుగా వచ్చింది. అది ప్రెస్సువాళ్ళ తప్పు కాదు, తపాలావాళ్ళ తప్పు అంతకన్నా కాదు. చిరునామాల జాబితా చూసే పని నాది కనుక ఆ తప్పు నాదే. అప్పట్లో ఫోను చేసినవాళ్ళందరికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకున్నాను గానీ, అసలేం జరిగిందో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెబితే ఇళ్ళలో కంప్యూటరు నేర్చుకునే పిల్లలకైనా పనికొస్తుందని సంపాదకులు పట్టుబట్టారు. అంచేత ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో కంప్యూటరు పాతది. దాని మీటల్లో 'ఎ' మీటకు ఒక జబ్బు ఉంది. ఒకసారి నొక్కితే ఒక్కోమారు రెండు, మూడు అక్షరాలు పడతాయి. పత్రిక చెన్నైకి, షోలాపూరుకు, బెంగుళూరుకు, అలా నాలుగు రాష్ట్రాలకు వెళుతుంది కనుక చిరునామాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మన పాత రిజిస్టరు చూస్తే ముత్యాల్లాంటి తెలుగు చేతిరాత. దాన్ని ముందేసుకుని పదిహేను రోజులు కూర్చుని జాబితా అంతా కొట్టాను. తీరా చూస్తే 'రావు'లో మూడు ఎ-లు, 'నగర్'లో మూడు ఎ-లు. నా కళ్ళద్దాలతో వాటిని ఒక్కొక్కటే ఏరడం అయ్యే పని కాదు.

మా మనవరాలు పదకొండో తరగతి చదువుతోంది. ఆ బడిలో పైథాన్ అనే కంప్యూటరు భాష చెబుతున్నారు. (కొండచిలువకూ దానికీ సంబంధం లేదు. 1991లో దాన్ని బయటపెట్టిన గైడో వాన్ రోసమ్ అనే నెదర్లాండ్స్ ఆయన ఒక బ్రిటిష్ హాస్య బృందం పేరు పెట్టుకున్నాడట.) నా అవస్థ చూసి, "తాతయ్యా, ఇది మాకు మొన్ననే చెప్పిన లెక్క. మాటలో మళ్ళీ మళ్ళీ వచ్చిన అక్షరాలు తీసెయ్యడం. నాలుగు లైన్లు చాలు, నేను రాసిపెడతాను" అంది.

ప్రోగ్రాములు నేర్చుకునేవాళ్ళకు ఈ లెక్క తొలినాళ్ళలోనే ఇస్తారు. ఎందుకిస్తారో నాకు తరవాత తెలిసింది. చూడడానికి చిన్నదే గానీ, కంప్యూటరుకు జ్ఞాపకం ఎలా కల్పించాలన్నది ఇందులో నేర్పుతారు. పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాసేవాడిని చూడండి. ఎవరో వచ్చి కవరు ఇస్తారు. ఆ పేరు ఇంతకుముందే రాశాడో లేదో చూసుకోవాలి. దానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, ప్రతిసారీ పుస్తకం మొదటినుంచి వెనక్కి తిప్పి చూడడం. వెయ్యిమంది వచ్చి అందరూ వేరువేరు మనుషులైతే మొత్తం 4,99,500 సార్లు పేరుతో పేరు పోల్చి చూడాలి. ముహూర్తం దాటిపోతుంది. రెండోది, పక్కనే అరలున్న ఒక పెట్టె పెట్టుకుని పేరు రాయగానే దాని అరలో ఒక చీటీ వెయ్యడం. కొత్తవాడు రాగానే ఆ అరలోకి తొంగిచూస్తే చాలు. పైథాన్‌లో ఇలాంటి పెట్టెను 'సెట్' అంటారు.

ఈ సెట్‌కు ఒక చిత్రమైన గుణం ఉంది. వేసిన వరుసను అది పట్టించుకోదు. మా పిల్ల క్లాసులో ఒక కుర్రాడు ఇంగ్లీషులో 'బెలూన్' అనే మాటను సెట్‌లో వేసి తీస్తే ఒకసారి ఒక వరుసలో, ప్రోగ్రాము మళ్ళీ నడిపితే ఇంకో వరుసలో అక్షరాలు వచ్చాయట. కంప్యూటరు పాడయిందని వాళ్ళు గగ్గోలు పెట్టారట. పాడవలేదు. 2012లో వచ్చిన 3.3 అనే కూర్పునుంచి ఏ మాట ఏ అరలోకి పోవాలన్నది నడిపిన ప్రతిసారీ మారేలా కావాలనే పెట్టారు. ఎవరైనా గిట్టనివాడు లెక్కగట్టి, అన్నీ ఒకే అరలో పడే మాటలు పంపించి యంత్రాన్ని స్తంభింపజెయ్యకుండా ఆ ఏర్పాటు. వరుస కూడా నిలవాలంటే 'డిక్షనరీ' అనే ఇంకో రకం పెట్టె వాడాలి. 2018లో వచ్చిన 3.7 కూర్పునుంచి అది వేసిన వరుస తప్పదని భాష నియమాల్లోనే రాశారు.

మొదట్లో పిల్లలందరూ చేసే పొరపాటు ఇంకోటుంది. జాబితాలో నడుస్తూ నడుస్తూనే రెండోసారి వచ్చినదాన్ని తీసిపారేస్తారు. రేషను దుకాణం ముందు వరుసను ఊహించుకోండి. గుమాస్తా ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ వస్తున్నాడు. అయిదోవాడిని వరుసలోంచి పంపేశాడు. వెనకవాళ్ళంతా ఒక అడుగు ముందుకు జరిగారు. ఆరోవాడు అయిదో చోటుకు వచ్చాడు. గుమాస్తా మాత్రం ఆరో చోటుకు వెళ్ళాడు. ఆ జరిగినవాడిని ఎవరూ చూడనే లేదు! అందుకే పాతదాన్ని చెరపకుండా పక్కన కొత్త కాగితం మీద రాసుకుంటూ పోవాలంటారు. ఈ మాట మా మనవరాలు నాకు చాలా శ్రద్ధగా చెప్పింది. చెప్పిన తరవాత మేమిద్దరం చేసిందేమిటో ముందు ముందు చూస్తారు.

ఈ లెక్కలో రెండు రకాలున్నాయి. మాట మొత్తంలో ఏ అక్షరమూ రెండోసారి రాకుండా తీసెయ్యడం ఒకటి. అలా చేస్తే 'బనానా' అన్న ఇంగ్లీషు మాట 'బి-ఎ-ఎన్' అనే మూడక్షరాలకు కుదించుకుపోతుంది. పక్కపక్కనే ఉన్నవాటిని మాత్రం ఒకటి చెయ్యడం రెండోది. దీనికి పెట్టె కూడా అక్కర్లేదు, కిందటి అక్షరం ఏదో ఒక్కటి గుర్తుంటే చాలు. నా మీట జబ్బుకు రెండోదే మందు అని ఇద్దరం తీర్మానించుకున్నాం. రెండు మూడు 'రావు'ల మీద పరీక్షించాం. అద్భుతంగా పనిచేసింది. జాబితా అంతా దానిలో వేశాం. రెప్పపాటులో అయిపోయింది. శుభ్రమైన జాబితాను పాత పేరుతోనే, పాతదాని మీదే దాచేశాం. చీటీలు అచ్చువేయించి కవర్లకు అంటించి తపాలాలో పడేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

నాలుగో రోజునుంచి ఫోన్లు.

తెలుగువాళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాస్తే జంట అక్షరాలు ఎన్ని ఉంటాయో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. అప్పన్నలో రెండు పి-లు, రెండు ఎన్-లు. సుబ్బమ్మలో రెండు బి-లు, రెండు ఎం-లు. మన పేర్ల చివర అమ్మ, అయ్య, అన్న, అప్ప, అక్క లేనిదెక్కడ? అన్నీ ఒంటి అక్షరాలయి కూర్చున్నాయి. అప్పన్నలు అపనలయ్యారు, వెంకయ్యలు వెంకయలయ్యారు, సుబ్బమ్మలు సుబమలయ్యారు. గీతలో రెండు ఇ-లకు ఒకటే మిగిలి ఆ అమ్మాయి 'గెత' అయింది. రావులు మాత్రం భేషుగ్గా ఉన్నారు. మేము పరీక్షించింది వాళ్ళ మీదే కదా!

పేర్లు సరే, పిన్‌కోడ్ల మాట చెప్పాలి. ప్రోగ్రాముకు అంకె అయినా అక్షరమే. మా బరంపురం పిన్ 760001. దానిలో మూడు సున్నాలు పక్కపక్కన ఉన్నాయి కనుక అది 7601 అయింది. హైదరాబాదు 500001 కాస్తా 501 అయింది. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ప్రతి అంకెకూ ఒక అర్థం పెట్టారు. మొదటి అంకె దేశంలో ఏ మండలమో, మొదటి మూడూ కలిపి ఉత్తరాలు వేరుచేసే ఏ తపాలా జిల్లానో చెబుతాయి. మేము వాటిని పిండి కొట్టేశాం. మా ఊళ్ళో పోస్టుమాను మనుషుల్ని ఎరిగినవాడు కనుక ఎలాగో చేర్చాడు. బయటూళ్ళ కవర్లు చాలామటుకు తిరిగొచ్చాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక పెద్దావిడ ఫోను ఒక్కటీ ఒక ఎత్తు. ఆవిడకు ఎనభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయినా పత్రిక ఆయన పేరునే వస్తుంది. మార్చమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు, మేమూ మార్చలేదు. ఆయన పేరులో రెండు జంటలున్నాయి. ఆవిడ కోప్పడలేదు. "నాయనా, ఆయన ఉద్యోగం కాగితాల్లో ఒకలా రాశారు. పింఛను కాగితంలో ఇంకోలా రాశారు. పోయిన తరవాత ఇచ్చిన సర్టిఫికెట్టులో మరోలా ఉంది. మూడూ ఒక మనిషేనని రుజువు చెయ్యడానికి రెండేళ్ళు తిరిగాను. తిన్నగా రాసేది మీ పత్రిక కవరు ఒక్కటే. ఆ కవర్లు దాచుకుంటాను. ఈసారి మీరు కూడా ఇలా రాశారేం?" అంది.

ఏం చెప్పను? మనుమరాలి ప్రోగ్రాము అననా, మీట జబ్బు అననా? "పొరపాటయిందమ్మా, వచ్చే సంచికకు సరిచేస్తాను" అన్నాను.

సరిచెయ్యాలని కూర్చుంటే అప్పుడు తెలిసింది అసలు దెబ్బ. ప్రోగ్రాము జంట అక్షరాన్ని ఒంటి చెయ్యగలదు గానీ ఒంటిని జంట చెయ్యలేదు. 'అపన' అన్న అయిదు ఇంగ్లీషు అక్షరాలు చూసి అది అప్పన్నో, అప్పనో, నిజంగానే అపనో ఎలా చెబుతుంది? తీసేసిన అక్షరం ఏ చోట ఉండేదో అది ఎక్కడా రాసిపెట్టుకోలేదు. పాత జాబితా ఉంటే గొడవే లేదు. కానీ దాని మీదే కదా కొత్తదాన్ని దాచాం! పాతదాన్ని చెరపకుండా పక్క కాగితం మీద రాయాలని నాకు పాఠం చెప్పిన పిల్ల నా మొహంలోకి చూడలేక కిటికీలోంచి బయటికి చూసింది. నేనూ అటే చూశాను.

మిగిలింది తెలుగు రిజిస్టరు ఒక్కటే. నేను చదవడం, ఆమె సరిదిద్దడం అని మొదలుపెట్టాం. గంట గడిచేసరికి నా గొంతు పోయింది. "నువ్వే చూసి చదువుకో తల్లీ" అన్నాను. మా మనవరాలికి తెలుగు మాట్లాడడం బాగా వచ్చు. చదవడం అంతంతమాత్రం. బడిలో ఇంగ్లీషు, ఒడియా, హిందీ అయ్యాక తెలుగుకు చోటెక్కడిది? ఇంట్లో నేర్పాల్సింది మేము, నేర్పలేదు. "కింద చిన్న ప లాంటిది వేలాడుతోందే, అది ఏమిటి?" అని అడిగింది. అది ప ఒత్తు అనీ, ఒకే హల్లు కింద అదే హల్లు ఒత్తుగా వస్తే ద్విత్వాక్షరం అంటారనీ, వేరే హల్లు వస్తే సంయుక్తాక్షరం అంటారనీ చెప్పాను. "అయితే మనం పాడుచేసింది ద్విత్వాక్షరాలన్నమాట" అంది. అవునన్నాను. ఆ తరవాత రిజిస్టరులో ఒత్తు కనబడిన చోటల్లా వేలుపెట్టి ఇది ఏది, ఇది ఏది అని అడగడం మొదలుపెట్టింది.

మూడో రోజుకు ఆమెకు ఒక సందేహం పుట్టింది. తెలుగు లిపిలోనే ఈ ప్రోగ్రాము నడిపితే ఏమవుతుంది? తెలుగులో ఒత్తు కిందకు పోతుంది కదా, పక్కపక్కన ఉండదు కదా అని. ఈసారి వేరే కాగితం మీద, ఊరికే చూద్దామని, మొదటి రకం లెక్కతో ఇంట్లోవాళ్ళ వరసలన్నీ వేసింది. వచ్చినవి చూసి ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం.

'అమ్మ' 'అమ్' అయింది. 'అమ్మమ్మ' కూడా 'అమ్'. తల్లీ కూతుళ్ళు ఒకటైపోయారు. 'తాతయ్య' 'తాయ్' అయ్యాడు. 'నానమ్మ' 'నామ్'. 'మామ' 'మా'తో ఆగిపోయాడు. 'అన్నయ్య' ఏమయ్యాడో ఊహించగలరా? 'అన్య'. ఒక్క ప్రోగ్రాముతో అన్నయ్య పరాయివాడైపోయాడు! ఇక వదిన, బావ, మరదలు, కోడలు మాత్రం చెక్కుచెదరలేదు. మా కోడలు ఆ సంగతిని వారం రోజులపాటు అందరికీ చెప్పుకుంది. 'బరంపురం' 'బరంపు' అయింది. 'తెలుగు'కు చివరి కొమ్ము ఊడి 'తెలుగ' మిగిలింది. 'ఒడియా' ఒడియాగానే ఉంది.

ఎందుకిలా అంటే, కంప్యూటరు తెలుగును మనలా చూడదు. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్ అనే ఏర్పాటులో 1991నాటి మొదటి కూర్పునుంచీ తెలుగు ఉంది. మనకు అందులో 128 గళ్ళ వాటా ఇచ్చారు. ఆ గళ్ళలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా ఉంటాయి. ఒత్తులకు వేరే గళ్ళు లేవు. మ, పొల్లు, మ అని మూడూ వరసగా పెడితే తెర మీద మ్మ అని గీసి చూపిస్తుంది. 'అమ్మ' మన లెక్కకు రెండక్షరాలు. పైథాన్‌ను అడిగితే నాలుగంటుంది: అ, మ, పొల్లు, మ. రెండో మ ఇదివరకే వచ్చింది కనుక కొట్టేస్తుంది. 'తెలుగు'లో రెండు కొమ్ములున్నాయి, రెండోదాన్ని కొట్టేస్తుంది. కొమ్మయినా హల్లయినా దానికి ఒక అంకె, అంతే.

సి అనే పాత భాషలో, బైట్ల మీద ఇదే లెక్క చేస్తే ఇంకా అన్యాయం. మామూలుగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటిలో మొదటిది తెలుగు గుర్తులన్నిటికీ ఒకటే. మళ్ళీ వచ్చిన బైటునల్లా తీసేస్తే మొదటి గుర్తు ఒక్కటి బతుకుతుంది, తక్కినదంతా చెత్త. ఆ లెక్కలో అన్నయ్యా లేడు, అన్యుడూ లేడు.

మరి పక్కపక్కనున్నవి మాత్రమే తీసే రెండో రకం? అది తెలుగు లిపిలో 'అమ్మ' జోలికి పోదు, రెండు మ-ల మధ్య పొల్లు అడ్డుంది కనుక. హమ్మయ్య అనుకునేలోపు 'అమ్మమ్మ'ను 'అమ్మ్మ' చేసింది. మొదటి మ్మ చివర ఉన్న మ, రెండో మ్మ మొదట్లో ఉన్న మ పక్కపక్కన పడ్డాయి మరి. 'పప్పు'లో మొదటి ప పోయి 'ప్పు' మిగిలింది. భోజనాల దగ్గర దాన్ని అలాగే పిలుస్తున్నారు ఇప్పటికీ.

అక్షరం అంటే మనం అనుకునే అక్షరమే అయ్యేలా ముందు మాటను విడగొట్టి, ఆ పైన వెతకాలి. హల్లు, దాని ఒత్తులు, గుణింతం అన్నీ ఒక కట్ట. యూనికోడ్‌వాళ్ళు కూడా 2023లో 15.1 కూర్పులో తెలుగు, ఒడియా మొదలైన కొన్ని లిపులకు ఒత్తుతో సహా కట్టగా చూసే నియమం చేర్చారు. మా పిల్ల ఈ కట్టలు కట్టే పని తనే రాసుకుంది, వారం పట్టింది. అప్పుడు 'అమ్మ', 'తాత', 'మామ', 'అన్నయ్య' అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. తా వేరు, త వేరు కదా. 'అమ్మమ్మ' మాత్రం 'అమ్మ' అయింది. 'గలగల' 'గల' అయింది, 'చకచక' 'చక' అయింది. వాటిని ఏ కట్టా కాపాడలేదు. తెలుగులో మాటను రెండుసార్లు అంటేనే వచ్చే అర్థాలున్నాయి. 'వేడి ఇడ్లీ' వేరు, 'వేడివేడి ఇడ్లీ' వేరు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఆమ్రేడితమని పేరుపెట్టి సూత్రాలు రాసింది ఈ రెండోసారి వచ్చే మాట గురించే. మా పిల్లకు ఆ పేరు చెబితే పలకడానికే నాలుగుసార్లు పట్టింది.

ఇంతకీ జాబితా. రిజిస్టరు పూర్తి చెయ్యడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. చివరి వారం నేను పక్కన కూర్చోవడమే తప్ప ఎక్కువగా అందుకోలేదు, ఆమె తనే చదివేసుకుంది. పాత మీటల పలక తీసేసి కొత్తది కొన్నాం. నాలుగైదు వందలకు పోయేదానికి ఇంత చేశాం! ప్రోగ్రామునూ మార్చింది. ఒకే అక్షరం మూడుసార్లు వరసగా వస్తేనే ఆగుతుంది, రెండు వస్తే ముట్టుకోదు. అంకెల జోలికి అసలు పోదు. ఆగినచోట కూడా తనంతట తను దిద్దదు. ఆ పేరు తెర మీద చూపించి ఏం చెయ్యమంటారని అడుగుతుంది. అసలు జాబితా నకలు ఒకటి వేరే పేరుతో, ఇంకోటి మా అబ్బాయి కంప్యూటరులో ఉన్నాయి. రిజిస్టరుకు కొత్త అట్ట వేయించి సంఘం బీరువాలో పెట్టాను.

తరవాతి సంచిక చీటీలు అచ్చయి వచ్చినప్పుడు ఆ పెద్దావిడ కవరు మాత్రం పోస్టులో వెయ్యలేదు. ఊళ్ళోనే కదా అని మనవరాలిని తీసుకుని వెళ్ళి ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుని, చీటీ మీద వేలు పెట్టి ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే కూడబలుక్కుంటూ ఆయన పేరు చదివింది. రెండు పి-ల దగ్గర ఒకసారి, రెండు ఎన్-ల దగ్గర ఒకసారి ఆగింది. తరవాత లోపలికెళ్ళి పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి అందులో పాత కవర్ల పైన దీన్ని పెట్టింది. వాటి పైనే ఉన్న తప్పు కవరును మాత్రం తీసి మా పిల్ల చేతిలో పెట్టి, "ఇది నువ్వు తీసుకుపో అమ్మా" అంది.